విరేచనం కట్టాక కూడా పాలు ఎందుకు అరగవు?

"మా మనవడికి ఎనిమిది నెలలు. పోయిన వారం జ్వరం, వాంతులు, నీళ్ళ విరేచనాలు. అన్నీ తగ్గాయి. జావ పెడితే బాగానే ఉంటున్నాడు గాని పాలు తాగితే చాలు, పొట్ట ఉబ్బి నురగ నురగగా విరేచనం. పిర్రలు ఒరిసిపోయాయి. తల్లి పాలు పడట్లేదు, మాన్పించేయమని మా వియ్యపురాలు అంటోంది" అని ఒకావిడ అడిగారు.

మాన్పించకండి. ఎందుకో చెప్పాలంటే పేగు గోడ దాకా వెళ్ళాలి.

పాలలోని చక్కెర ల్యాక్టోజ్. దాన్ని ల్యాక్టేజ్ అనే ఎంజైము గ్లూకోజు, గెలాక్టోజులుగా విడగొడితేనే రక్తంలోకి పోతుంది. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. ఆ ఎంజైము పేగులో ఎక్కడుంటుందో మాత్రం పెద్దగా చెప్పరు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

చిన్నపేగు లోపలి గోడ నిండా చూషకాలు అనే, మిల్లీమీటరుకు మించని వేలి ఆకారపు మొలకలు ఒత్తుగా నిలబడి ఉంటాయి, వరి చేను లాగా. వాటి మొదట్లో కొత్త కణాలు పుడతాయి. పుట్టినవి పైకి జరుగుతూ పోయి, మూడు నుంచి అయిదు రోజుల్లో కొస నుంచి రాలిపోతాయి. లేత కణంలో ల్యాక్టేజ్ ఉండదు, పైకెక్కి ముదిరాకే తయారవుతుంది. వరిలో గింజ ఉండేది పైన కంకిలోనే గదా! ఇక పసిపిల్లల్లో ఇలాంటి వాంతులు, విరేచనాలు తెచ్చే రోటావైరస్ చిలకల గుంపు లాంటిది. లేత పైరు జోలికి పోదు, పండిన కంకుల మీదే వాలుతుంది. ముదిరిన కణాలు చాలావరకు పోతాయి. పేగు వెంటనే కొత్త నాట్లు వేస్తుంది. వారం తిరిగేసరికి చేను పచ్చగా కనిపిస్తుంది, కంకి మాత్రం ఉండదు. బిడ్డకు జ్వరం లేదు, ఆడుకుంటున్నాడు, కానీ పాలు అరగవు. జావ అరగడానికి కారణమూ ఇదే. పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైములు కొంత నష్టపోయినా ఇంకా మిగులుతాయి. ల్యాక్టేజ్ మొదటి నుంచీ బొటాబొటీ సరుకు. అందుకే ముందు పోయేది అదే, చివర తిరిగొచ్చేదీ అదే.

వరి మొక్క నాటిన చోటే ఉంటుంది, పేగు కణం కదులుతుంది. పోలిక ఇక్కడ సరిపోదు. అయిదు రోజుల్లో పంట మొత్తం మారిపోయేటప్పుడు కోలుకోవడానికి రెండు వారాలో, అంతకన్నా ఎక్కువో ఎందుకు పడుతుంది? నష్టాన్ని పూడ్చాలన్న తొందరలో పుట్టిన కణాలు లేతగా ఉండగానే కొసకు చేరిపోతాయి. ఆ హడావుడి సద్దుమణిగాకే ముదరడానికి వాటికి తీరిక దొరుకుతుంది.

ఇప్పుడు కాస్త లెక్క. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాముల ల్యాక్టోజ్ ఉంటుంది. 5 కిలోల పసిబిడ్డ రోజుకు 750 మిల్లీలీటర్లు తాగితే 50 గ్రాములు దాటుతుంది. ఆ లెక్కన 60 కిలోల మనిషి రోజుకు 9 లీటర్ల పాలు తాగాలి! ఈ 50లో 10 గ్రాములు విడిపోకుండా మిగిలాయనుకోండి. ల్యాక్టోజ్ అణుభారం 342 కాబట్టి అది 0.029 మోల్. మన శరీర ద్రవాల గాఢత లీటరుకు దాదాపు 0.29 ఆస్మోల్ (అంటే కరిగి ఉన్న అణువులన్నీ కలిపి అన్ని మోల్‌లు). రెండూ సరితూగాలంటే పేగులో 100 మిల్లీలీటర్ల నీరు నిలవాలి. నీళ్ళ విరేచనం దాని వల్లే. అరగని చక్కెర పెద్దపేగు చేరితే అక్కడి బాక్టీరియా దాన్ని హైడ్రోజన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా, ఆమ్లాలుగా మారుస్తుంది. నురగకు కారణం ఆ వాయువులు, పిర్రల ఒరుపుకు కారణం ఆ ఆమ్లాలు.

ఇంటర్ ల్యాబ్‌లో బెనెడిక్ట్ ద్రావణంలో గ్లూకోజు వేసి మరిగించి, ఇటుక రంగు రాగానే రికార్డు రాసేసి మూసేస్తారు. పసిపిల్లల మలంలో అరగని ల్యాక్టోజ్‌ని అదే రంగుతో పట్టుకోవచ్చని పిల్లలకు చెబితే ఆ పరీక్ష జన్మలో మర్చిపోరు. అయితే తల్లిపాలు తాగే చిన్న పిల్లల్లో ఆరోగ్యంగా ఉన్నా ఈ రంగు కొంత రావచ్చు, మలం ఆమ్లంగానూ ఉండొచ్చు. ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడి పాలు మాన్పించే పని లేదు.

దిష్టి తీస్తే తీయండి, ఉప్పూ మిరపకాయలే గదా పోయేది. కానీ బాలింత నోరు కట్టేయకండి. ల్యాక్టోజ్‌ని తల్లి రొమ్ము తన రక్తంలోని గ్లూకోజుతో తయారు చేసుకుంటుంది. ఆవిడ పాలూ పెరుగూ మానేసినా చనుబాలలో ల్యాక్టోజ్ తగ్గదు. ఆవుపాల ప్రొటీన్ ఎలర్జీ వేరే జబ్బు. అందులో మలంలో రక్తం జీర పడొచ్చు, అక్కడ తల్లి ఆహారం లెక్కలోకి వస్తుంది. అది డాక్టరు తేల్చాలి.

ఈ బాబుకు తల్లిపాలు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు ఇవ్వండి. పేగు తిరిగి మొలవడానికి కావలసిన పోషణ, రోగాన్ని అడ్డుకునే యాంటీబాడీలు అందులోనే ఉన్నాయి. సీసాలో గేదె పాలు పోస్తుంటే మాత్రం ఆపండి. విరేచనం మొదలైతే ఓఆర్ఎస్, డాక్టరు చెప్పిన జింకు. నాలుక ఎండినా, మూత్రం తగ్గినా, బరువు పడిపోతున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ల్యాక్టోజ్ లేని పాలు కొన్నాళ్ళు అవసరమా అన్నది అక్కడ చెబుతారు.

ఈ వైరస్‌కు టీకా ఉంది. రొటావాక్, హైదరాబాద్ భారత్ బయోటెక్‌ది. దానికి మూలమైన '116ఈ' (116E) అనే వైరస్ రకం 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల్లో దొరికింది. వైరస్ సోకినా ఆ శిశువులకు విరేచనాలు రాలేదు! అది మనుషుల రోటావైరస్సే, కాకపోతే ఒక జన్యువు ఆవుల రోటావైరస్ నుంచి వచ్చి చేరింది. 2016లో ప్రభుత్వ టీకాల్లో రోటా చుక్కలు మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మీ మనవడి టీకా కార్డులో 6, 10, 14 వారాల గళ్ళు చూడండి. చుక్కలు వేయించినా విరేచనం రావచ్చు, కానీ సెలైన్ ఎక్కించేంత తీవ్రంగా రావడం బాగా తగ్గుతుంది.