కాచిన నీళ్లు వేరు, మరిగిన నీళ్లు వేరు: బాయిల్ వాటర్ నోటీసుపై అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లో ఒక ఊరి నీటి సరఫరా విభాగంలో నా ఉద్యోగం. ఊళ్లో 'బాయిల్ వాటర్ నోటీస్', అంటే కుళాయి నీళ్లు మరిగించే తాగమనే హెచ్చరిక, పడిందంటే చాలు, మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో నాకు మెసేజ్ వచ్చేస్తుంది: "అన్నా, నీళ్లలో ఏం కలిసింది?" చాలాసార్లు ఏమీ కలిసి ఉండదు. కలిసిందో లేదో అప్పటికి మాకూ తెలీదు. తెలీదు కాబట్టే నోటీసు ఇస్తాం.

అపోహ: నోటీసు వచ్చిందంటే నీళ్లలో క్రిములు దొరికినట్టే.

ఎక్కువ నోటీసులకు కారణం ప్రెషర్ పడిపోవడం. పైపులో నీళ్లు గట్టిగా తోసుకుంటూ ఉన్నంతసేపు, ఎక్కడైనా చిన్న చిల్లు ఉన్నా నీళ్లు బయటికే కారతాయి. తోపు తగ్గితే వ్యవహారం తిరగబడుతుంది. పైపు చుట్టూ ఉన్న మట్టి నీళ్లు, ఎవరో పెరట్లో మందు కలిపిన బకెట్లో వదిలేసిన హోస్ పైపు నీళ్లు లోపలికి పీల్చుకునే అవకాశం ఉంటుంది. టెక్సస్‌లో మాకు గీత 20 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 20 పౌండ్ల ఒత్తిడి). అంటే సుమారు 46 అడుగుల ఎత్తున, నాలుగంతస్తుల మిద్దె మీద ట్యాంకు పెడితే కింద కుళాయిలో వచ్చే ఒత్తిడి. అంతకంటే తగ్గితే నోటీసు ఇవ్వాల్సిందే.

2022 నవంబర్ 27, ఆదివారం. హ్యూస్టన్‌లో ఒక శుద్ధి కేంద్రానికి కరెంటు పోయింది. ఊళ్లో చాలాచోట్ల ప్రెషర్ గీత కిందికి దిగింది కొద్ది నిమిషాలే. అయినా 20 లక్షల మందికి పైగా నీళ్లు మరిగించుకోవాల్సి వచ్చింది, బడులు మూతపడ్డాయి. పరీక్షల్లో నీళ్లు బాగానే ఉన్నాయని తేలాక మంగళవారం పొద్దున్న నోటీసు ఎత్తేశారు. "ఇంత మాత్రానికి ఇంత హడావుడా" అని తిట్టుకున్నవాళ్లు మనవాళ్లలోనూ ఉన్నారు. వాళ్ల విసుగు నాకు అర్థమవుతుంది. అయినా నోటీసు ఇవ్వాలా వద్దా అని తేల్చిన ఆ గదిలో నేనున్నా అదే సంతకం పెట్టేవాణ్ణి.

ప్రెషర్ ఒక్కటే కారణం కాదు. 2018 అక్టోబర్‌లో ఆస్టిన్‌కు వరదల వల్ల నది నీళ్లు ఎంత బురదగా వచ్చాయంటే, శుద్ధి కేంద్రాలు ఆ మడ్డిని వడకట్టి ఊరికి సరిపడా నీళ్లు ఇవ్వలేకపోయాయి. 22 నుంచి 28 వరకూ ఊరంతా మరిగించుకునే తాగింది.

అపోహ: మనం రోజూ కాచే తాగుతాం, కొత్తగా చేసేదేముంది?

ఇక్కడ చిక్కు మన మాటలోనే ఉంది. స్నానానికి నీళ్లు కాగాయంటే మరిగాయని కాదు కదా. అడుగున బుడగలు లేచి, పైన ఆవిరి కనిపించగానే పొయ్యి కట్టేసి "కాచాను" అనేస్తాం. నోటీసు అడిగేది తెర్లే నీళ్లు. తెలంగాణలో అయితే మసిలే నీళ్లు. గిన్నె నిండా కుతకుతలాడాలి, గరిటెతో కలిపినా ఆ ఉడుకు ఆగకూడదు. లెక్క అప్పటి నుంచి మొదలు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఒక నిమిషం చాలంటుంది. టెక్సస్ నోటీసులో రెండు నిమిషాలని ఉంటుంది. మీ నోటీసులో ఎంత ఉంటే అంత చేయండి. సాంటా ఫే లాంటి ఎత్తైన ఊళ్లలో, అంటే 6,500 అడుగులు దాటితే, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి మూడు నిమిషాలు. ఇక మా పిన్నిగారిలా కషాయంలా సగానికి మరగబెట్టక్కర్లేదు, గ్యాసు దండగ.

అపోహ: మా ఇంట్లో ఫిల్టర్ ఉంది.

నాకు ఎక్కువ వినపడే మాట ఇదే. ఫ్రిజ్‌లో ఉండే ఫిల్టర్, కూజా ఫిల్టర్ ముఖ్యంగా క్లోరిన్ వాసన తగ్గించి రుచి మార్చడానికి పెట్టినవి. బాక్టీరియాను ఆపడం వాటి పని కాదు. సింక్ కింద ఆర్‌ఓ ఉన్నా మరిగించాల్సిందే. పొర మంచిదే కావచ్చు, దాని అతుకులు, నిలవ ట్యాంకు ఏ స్థితిలో ఉన్నాయో మీకూ నాకూ తెలీదు. రాగి చెంబు, పటిక, తులసాకుల మాట కూడా అడుగుతారు. పటిక మడ్డిని కిందికి దింపుతుంది, అంతే. వీటిలో ఏదీ మరిగించడానికి బదులు కాదు.

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో కోటి మందికి పైగా ఇదే నోటీసు కింద ఉన్నారు, చాలామందికి కరెంటు కూడా లేదు. పొయ్యి వెలగని ఇంట్లో సువాసన లేని మామూలు బ్లీచ్ పనికొస్తుంది. సీసా మీద 6 శాతం అని ఉంటే గాలన్‌కు 8 చుక్కలు, 8.25 శాతం అయితే 6 చుక్కలు. కలిపి అరగంట ఆగాలి. కానీ క్రిప్టోస్పోరీడియం అనే పరాన్నజీవి బ్లీచ్‌లోని క్లోరిన్‌కు లొంగదు. 1993లో మిల్వాకీలో సుమారు 4 లక్షల మందికి జబ్బు చేసింది దానివల్లే. మరిగితే మాత్రం అదీ చస్తుంది.

అపోహ: మరిగిస్తే ఏదైనా పోతుంది.

పోదు. 2016 డిసెంబర్‌లో కార్పస్ క్రిస్టీలో నీళ్లలో ఒక పారిశ్రామిక రసాయనం కలిసిందన్న అనుమానంతో అసలు కుళాయి నీళ్లే వాడొద్దన్నారు. అలాంటప్పుడు మరిగించి లాభం లేదు. సీసం, నైట్రేట్ అయితే నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. ఫ్లోరైడ్ సంగతీ అంతే, నల్గొండ వాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే నోటీసు పైన 'మరిగించండి' అని ఉందా, 'తాగొద్దు' అని ఉందా, 'వాడొద్దు' అని ఉందా ముందు చూడండి. గ్రూపులో ఫార్వర్డ్ చేసేటప్పుడు ఈ మూడూ కలగాపులగం అయిపోతున్నాయి.

వంటింట్లో, స్నానాల గదిలో

అన్నం, పప్పు, టీ ఎలాగూ మరుగుతాయి. మనవాళ్లు తప్పులో కాలేసేది మజ్జిగలో పోసే నీళ్ల దగ్గర, పచ్చి కొత్తిమీర కడిగే దగ్గర, చట్నీ పల్చన చేసే దగ్గర, దేవుడి దగ్గర పెట్టే తీర్థం దగ్గర. వీటన్నిటికీ మరిగించి చల్లార్చిన నీళ్లే. పళ్లు తోముకోవడానికి కూడా. పసిపిల్లల పాలపొడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. స్నానం చేయొచ్చు, నోట్లోకి పోకుండా చూసుకోవాలి.

జలనేతి, అంటే ముక్కులో నీళ్లు పోసి కడుక్కోవడం, చేసేవాళ్లకు ఒక మాట. 2020 సెప్టెంబర్‌లో లేక్ జాక్సన్‌లో మెదడుకు సోకే అమీబా వల్ల ఒక చిన్న పిల్లవాడు చనిపోయాక ఆ ఊరి నీళ్ల మీద నోటీసులు పడ్డాయి. అది తాగితే రాదు, ముక్కులోంచి పైకి పోతేనే ప్రమాదం. నోటీసు ఉన్నా లేకపోయినా ముక్కులో పోసే నీళ్లు మరిగించి చల్లార్చినవో, డిస్టిల్డ్ సీసావో అయి ఉండాలి.

అపోహ: పైపు బాగుచేశారట, ఇక తాగొచ్చు.

పైపు నాలుగు గంటల్లో అతికిస్తాం. ఆగాల్సింది బాక్టీరియా పరీక్ష కోసం. శాంపిల్‌లో పరీక్ష పొడి కలిపి 35 డిగ్రీల పెట్టెలో పెడతాం. ఒక్క కోలిఫాం (నీళ్లలోకి బయటి మురికి చేరి ఉండొచ్చని సూచించే బాక్టీరియా) ఉన్నా అది పెరిగి రంగు తేలడానికి 18 నుంచి 24 గంటలు. పసుపు రంగుకు తిరిగితే కోలిఫాం, అతినీలలోహిత (యూవీ) దీపం కింద నీలంగా మెరిస్తే ఈకోలై, అంటే మలం కలిసిందని చెప్పే బాక్టీరియా. ఈ పని తొందరపెట్టే ఉపాయం మా దగ్గర లేదు. ఒక్క సీసా తేడా వచ్చినా మళ్లీ మొదటికే. మీకు రెండు రోజులు పట్టేది అందుకే.

ఎత్తేశామని మేం చెప్పాక చల్లని కుళాయిలన్నీ కొన్ని నిమిషాలు వదిలేయండి. ఐస్ మేకర్‌లో ఉన్నది పారబోసి, తర్వాత వచ్చే మూడు విడతలూ పారబోయండి. ఫిల్టర్ కాట్రిడ్జ్ మార్చండి. పోయిన నోటీసప్పుడు ఒక వదిన అన్నీ చేసి, ఫ్రిజ్‌లో నోటీసు ఎత్తకముందు పట్టి పెట్టుకున్న రెండు సీసాల నీళ్లు మాత్రం చల్లగా ఉన్నాయని నాకే పోసిచ్చింది.