జీస్ బెండ్ బొంతలు: గుడ్డను ఎంచుకునే హక్కు ఎవరిది?

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, నది మూడు వైపులా చుట్టి పారే జీస్ బెండ్ గ్రామపు నల్లజాతి మహిళల బొంతలు మళ్లీ చర్చకెక్కాయి. 2024 ఫిబ్రవరిలో, నల్లజాతి చరిత్ర మాసం సందర్భంగా, టార్గెట్ అనే పెద్ద చిల్లర వర్తక సంస్థ ఆ గ్రామపు ఐదుగురు కళాకారిణుల నమూనాలతో స్వెటర్లు, నీళ్ల సీసాలు, చూడటానికి చేతికుట్టు బొంతల్లా ఉండే దుప్పట్లు తయారు చేయించి అమ్మింది. చాలా దుకాణాల్లో సరుకు పూర్తిగా అమ్ముడైపోయింది. కళాకారిణులకు మాత్రం అమ్మకాల్లో వాటా రాలేదు. నిర్ణీత మొత్తమే ముట్టింది. ఈ తగవును 2002లో జరిగిన ఆ బొంతల మ్యూజియం ప్రదర్శనతో మొదలుపెట్టి చెప్పడం పరిపాటి. దాని మూలం అంతకు ముప్పై ఏళ్ల ముందు, ఆ ప్రాంతానికి కట్టలుగా వచ్చిపడ్డ కార్డురాయ్ అనే, ఉబ్బెత్తు చారలుండే మందపాటి నూలు గుడ్డలో ఉంది.

పెట్‌వే అనే తోటల యజమాని 1846లో నార్త్ కరోలినా నుంచి సుమారు వంద మంది బానిసలను కాలినడకన ఇక్కడికి తరలించడం, అతని ఇంటిపేరే నేటికీ గ్రామంలో సగం గడపల్లో వినిపించడం, 1932లో అప్పుల కింద గ్రామస్థుల పశువులూ పనిముట్లూ తిండిగింజలూ జప్తు కావడం అందరూ చెప్పే సంగతులే. ఇప్పటి వివాదానికి కావలసింది ఆ పేదరికంలో బొంతకు గుడ్డ ఎక్కడి నుంచి వచ్చేదన్న విషయం. పొలంలో చిరిగిన ఓవరాల్స్, పనిచొక్కాలు, పిండి సంచులు, ఎరువు బస్తాలు, అంటే ఆ ఇంటి మనుషుల ఒంటిమీదా చేతుల్లోనూ అరిగిపోయినవే బొంతకు పనికొచ్చేవి. 1942లో భర్త చనిపోయినప్పుడు మిస్సూరీ పెట్‌వే ఆయన పనిబట్టలన్నిటినీ విప్పి, ఆయన జ్ఞాపకంగా కప్పుకోవడానికి ఒక బొంత కుట్టుకుంది. అప్పటికి యువతిగా ఉన్న కూతురు ఆర్లోంజియా ఈ సంగతిని తర్వాతి కాలంలో లోకానికి చెప్పింది. ఆ బొంత ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. లుటీషా పెట్‌వే 1950 ప్రాంతంలో కుట్టిన డెనిమ్ బొంతలోనైతే జేబు ఊడదీసిన చోట ముదురు నీలం, మిగతా అంతటా ఎండకు వెలిసిన నీలం పక్కపక్కనే కనిపిస్తాయి. ఎవరి బొంత అని అడగనక్కర లేకుండా ఆ గుడ్డే చెప్పేది. బొంతల పుస్తకాల్లోని నమూనాలను వదిలి తమకు తోచినట్టు ముక్కలు పేర్చడాన్ని అక్కడి మహిళలు 'నా తీరు' అనేవారు.

ఈ పద్ధతికి మొదటిసారి బయటి షరతు తగిలింది పౌరహక్కుల పోరాట కాలంలో. ఓటరుగా పేరు నమోదు చేయించుకున్న నల్లవారు కౌలు భూములనుంచీ ఇళ్లనుంచీ గెంటివేతకు గురవుతున్న రోజుల్లో, 1965 డిసెంబరులో, ఫ్రాన్సిస్ వాల్టర్ అనే ఎపిస్కోపల్ (ఒక క్రైస్తవ శాఖ) మతగురువు దండెం మీద ఆరేసిన బొంతలు చూసి, ఒక్కోదానికి పది డాలర్లిచ్చి కొని న్యూయార్క్‌లో వేలం వేయించాడు. 1966లో జీస్ బెండ్, దాని పక్కనున్న ఆల్బర్టా మహిళలు కలిసి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం ఎందరికో తొలిసారి సొంత సంపాదన ఇచ్చింది. దాని మేలును తక్కువ చేయడం అన్యాయం. కానీ పెద్ద దుకాణాల ఆర్డర్లు మొదలయ్యాక ఒకే కొలత, ఒకే నమూనా, కొత్తగా కొన్న గుడ్డ తప్పనిసరయ్యాయి. 'నా తీరు' బొంతకు అక్కడ చోటు లేకుండా పోయింది.

1972లో సియర్స్ అనే పెద్ద చిల్లర వర్తక సంస్థ ఈ సంఘానికి దిండు గలీబుల కాంట్రాక్టు ఇచ్చింది. సంస్థకు కావలసినవి కార్డురాయ్‌తో కుట్టిన ఒకే రకం గలీబులు. గుడ్డ రకం, రంగులు, కొలత అన్నీ కొనేవాడివే. కుట్టేవారికి మిగిలింది కూలి. అయితే కత్తిరింపులో మిగిలిన ముక్కల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. బంగారు రంగు, ఆకుపచ్చ, చెర్రీ ఎరుపు పీలికలను మహిళలు ఇళ్లకు తీసుకెళ్లారు. కార్డురాయ్ మందంగా ఉంటుంది, చిన్న ముక్కలుగా కోసి అతికితే మడతలు లొంగవు. అందుకే వెడల్పైన పట్టీలు, పెద్ద చదరాలతో ఆ గ్రామపు బొంత ముఖమే మారిపోయింది. ఇవాళ మ్యూజియం గోడల మీద మెచ్చుకునే ధీమా గల రూపాలు కొన్ని ఈ పీలికలనుంచి పుట్టినవే. ఒకే గుడ్డ పగలు సంఘంలో సియర్స్ సరుకు, రాత్రి ఇంట్లో సొంత మాట. ఈ రెండింటి మధ్య గీత అక్కడ పడింది, ఆ తర్వాతి తగవులన్నీ ఆ గీత మీదే నడిచాయని నా అభిప్రాయం.

1976లో ఆనీ మే యంగ్ కుట్టిన బొంత దీనికి సాక్ష్యం: చుట్టూ వెలిసిన డెనిమ్ ప్యాంటు కాళ్లు, నడుమ కార్డురాయ్ పట్టీల వెలుగు. దాని ఫొటో చూసిన కళాఖండాల సేకర్త విలియం ఆర్నెట్ గ్రామాన్ని వెతుక్కుంటూ వచ్చి, వందలాది బొంతలు కొన్నాడు. 2002లో హ్యూస్టన్‌లోనూ, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ జరిగిన ప్రదర్శన వాటిని ఆధునిక కళ సరసన నిలబెట్టింది. 2006లో తపాలా బిళ్లలూ వచ్చాయి. 2007లో అదే ఆనీ మే యంగ్, లొరెట్టా పెట్‌వే వంటివారు తమకు రావలసినది రాలేదంటూ ఆర్నెట్ పక్షంపై కోర్టుకెక్కారు. ఆరోపణలను ఆయన పక్షం ఖండించింది. 2008లో రాజీ కుదిరింది, షరతులు బయటపెట్టలేదు. బొంతల బొమ్మలు వేరే సరుకుల మీదికి ఎక్కడం ఆ వ్యాజ్యాల్లోనూ ఒక ఫిర్యాదే.

టార్గెట్ ఒప్పందం ఐదుగురికి డబ్బూ ప్రచారమూ తెచ్చిందనే వాదన ఉంది, అది నిజమే. కానీ ఒంటిమీద అరిగిన గుడ్డ నుంచి పుట్టిన నమూనా, ఆ గుడ్డ లేకుండా, కుట్టిన చేయి లేకుండా వేల ప్రతులుగా అమ్ముడైనప్పుడు, సియర్స్ కాలంలో ఇంటికి తెచ్చుకోగలిగిన పీలికలు కూడా కుట్టేవారికి మిగలవు. అమ్మకాల్లో వాటా అడగడం ఆ పీలికలను అడగడమే. మరోవైపు 2021లో తొమ్మిది మంది కళాకారిణులు ఎట్సీ అనే ఆన్‌లైన్ అమ్మకాల వేదికపై సొంత దుకాణాలు తెరిచారు. అక్కడ గుడ్డనూ కొలతనూ ధరనూ కుట్టిన మనిషే నిర్ణయిస్తుంది. టార్గెట్ చెల్లింపు న్యాయమా కాదా అని తేల్చడానికి పక్కన పెట్టి చూడవలసిన లెక్క ఇది.