వాల్వును అనేముందు సాకెట్టును చూడండి

సైదాపురం, రాపూరు వైపు ఎండకు తళుక్కుమనే కాకిబంగారం నెల్లూరు జిల్లా వాళ్ళకు కొత్తేమీ కాదు. గోటితో లేపితే పొరలు పొరలుగా విడివడే ఈ అబ్రకంలో లేతాకుపచ్చ ఛాయ ఉన్న రకానికి విద్యుత్ సామాన్ల వ్యాపారంలో నెల్లూరు పేరే స్థిరపడింది. అది ఎందుకు పనికొస్తుందో తెలియాలంటే పాత రేడియోల్లో, యాంప్లిఫయర్లలో బల్బులా ఉండే గాజు వాల్వును ఒకదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. గాజు లోపల నల్లటి లోహపు డొప్ప ఉంటుంది, దాన్ని పైనా కిందా పట్టుకుని రెండు పల్చటి బిళ్ళలు ఉంటాయి. ఆ బిళ్ళలు అబ్రకమే. వేడికి కరగదు, కరెంటును పోనివ్వదు, శూన్యంలోకి గాలిని వదలదు. ఈ మూడు గుణాలూ ఒక్కచోట ఉన్న పదార్థాలు చాలా తక్కువ.

ఆ బిళ్ళలకు వేసిన సన్నటి రంధ్రాల్లోనే వాల్వు ప్రాణమంతా ఉంది. నడుమ నిలబడిన క్యాథోడు గొట్టం హీటరు వేడికి 750, 800 డిగ్రీల దాకా కాగి ఎలక్ట్రాన్లను విడుస్తుంది. చుట్టూ ఉన్న ప్లేటు 250 నుంచి 450 వోల్టుల ధన విద్యుత్తుతో వాటిని లాక్కుంటుంది. మధ్యలో ఉన్న గ్రిడ్డు, అంటే సన్నటి తీగ చుట్ట, కొద్ది వోల్టుల ఋణ విద్యుత్తుతో ఎన్ని ఎలక్ట్రాన్లు దాటాలో నిర్ణయిస్తుంది. గ్రిడ్డుకూ క్యాథోడుకూ మధ్య ఎడం మిల్లీమీటరులో చిన్న భాగమే. అబ్రకం బిళ్ళ పట్టు వదులైతే గ్రిడ్డు వణుకుతుంది, ఆ వణుకు స్పీకరులో గంట మోగినట్టు వినిపిస్తుంది.

క్యాథోడు మీది పూత అరిగిపోయేదే, కాబట్టి వాల్వు ఎప్పటికైనా మార్చాల్సిన వస్తువే. పవరు వాల్వులు కొన్ని వేల గంటలు పనిచేస్తాయి, ముందు వరసలోని చిన్న వాల్వులు అంతకంటే చాలా ఎక్కువకాలం మన్నుతాయి. కానీ మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ళలో, ఇస్కపల్లి ఉప్పు కొటార్ల చుట్టుపక్కల చిటపట శబ్దం చేసే యాంప్లిఫయర్‌ను చూస్తే మొదట అనుమానించాల్సింది వాల్వును కాదు, అది కూర్చున్న సాకెట్టును. సముద్రపు గాలిలోని ఉప్పు సాకెట్టు మీద కంటికి కనిపించని పొరగా దిగుతుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తడిసిన ఉప్పు పొర కరెంటుకు దారి ఇస్తుంది, ఇత్తడి పట్టీలను పచ్చగా చిలుము పట్టిస్తుంది. వాల్వు మంచిదే అయినా గ్రిడ్డు పిన్నుకు పట్టు అందకపోతే ఋణ వోల్టేజీ లోపలికి చేరదు. అప్పుడు ప్లేటు ఎర్రగా కాలి, మంచి వాల్వు నిమిషాల్లో చచ్చిపోతుంది. సాకెట్టు శుభ్రం చేయకుండా కొత్త వాల్వు పెడితే దానికీ అదే గతి.

ఉదయగిరి వంటి లోపలి ఊళ్ళలో ఉప్పు బెడద లేదు, అక్కడ దుమ్మూ వేడీ శత్రువులు. యాంప్లిఫయర్‌కు పైనా పక్కలా జానెడు ఖాళీ ఉంచండి. రోహిణి కార్తెలో చెక్క అలమరలో బిగించి పెట్టారంటే వాల్వులకంటే ముందు కెపాసిటర్లు ఉడుకుతాయి.

ఇక చేయి పెట్టే ముందు తెలుసుకోవాల్సిన సంగతి. ప్లగ్గు పీకినంత మాత్రాన యాంప్లిఫయర్‌లో కరెంటు పోయినట్టు కాదు. హెచ్‌టీ, అంటే ప్లేట్లకు వెళ్ళే ఎక్కువ వోల్టేజీ, సరఫరాలోని 100 మైక్రోఫారడ్ కెపాసిటరు 400 వోల్టుల దగ్గర 8 జౌళ్ళ శక్తిని దాచుకుంటుంది. చేతి నుంచి చేతికి గుండె మీదుగా దిగితే ప్రాణం తీయగల పరిమాణం అది. ఇంట్లో లీకేజీ వస్తే కరెంటు ఆపడానికి బిగించిన ఆర్‌సీసీబీ ఈ షాకును పట్టుకోలేదు. అది మెయిన్సు వైపు లీకేజీని మాత్రమే చూస్తుంది, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అవతలి చుట్టలో ఏం జరుగుతోందో దానికి తెలియదు. రబ్బరు చెప్పులు వేసుకోవడం మంచిదే, కానీ ఒక చేయి షాసీ (యాంప్లిఫయర్ లోహపు చట్రం) మీద, ఇంకో చేయి హెచ్‌టీ మీద ఉన్నప్పుడు చెప్పులు చేసే మేలు ఏమీ ఉండదు. అందుకే కొలతలు తీసేటప్పుడు ఒక చేయి జేబులోనో వెనకనో పెట్టుకోవాలన్నది పాత నియమం. ఇప్పటికీ అంతకు మించినది లేదు.

కెపాసిటర్లను ఖాళీ చేయడానికి 10 కిలో ఓముల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టరుకు రెండు వైపులా మంచి ఇన్సులేషన్ ఉన్న తీగలు, ముసుగున్న క్రొకడైల్ క్లిప్పులు అతికించుకోండి. ప్లగ్గు పూర్తిగా పీకాక ఒక క్లిప్పు షాసీకి ముందు తగిలించి, రెండోది ఒంటి చేత్తో కెపాసిటరు ప్లస్సుకు పెట్టాలి. 100 మైక్రోఫారడ్లకు 10 కిలో ఓములంటే ఒక సెకను లెక్క. ఐదు సెకన్లకు ఒక శాతం కూడా మిగలదు, అయినా పదిహేను సెకన్లు ఉంచండి. తర్వాత మల్టీమీటరును 1000 వోల్టుల డీసీలో పెట్టి కొలవండి. ఒక్కచోట కొలిచి ఊరుకోకూడదు. ఫిల్టరు కెపాసిటర్లు రెసిస్టర్లతోనో చోకుతోనో విడివిడిగా ఉంటాయి కాబట్టి ప్రతిదాన్నీ చూడాలి. ఖాళీ అయిన కెపాసిటరులో కాసేపటికి కొంత వోల్టేజీ మళ్ళీ లేస్తుంది, అందుకని పని జరిగినంతసేపూ క్లిప్పు అలాగే ఉండనివ్వండి. తిరిగి ఆన్ చేసే ముందు తీయడం మరవకండి. స్క్రూడ్రైవరుతో టప్పున షార్ట్ చేసే అలవాటు చాలామందికి ఉంది. ఆ నిప్పురవ్వ కెపాసిటరు లోపలి అతుకులను దెబ్బతీస్తుంది, కంట్లో లోహపు తునక పడే ప్రమాదమూ ఉంది.

ఇంకో హెచ్చరిక. వాల్వుల పేర్లు యుఎల్ 84, యుసిఎల్ 82 ఇలా 'యు'తో మొదలైతే, ఆ పాత సెట్టులో సాధారణంగా పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, షాసీయే మెయిన్సుకు కలిసి ఉంటుంది. మెయిన్సు నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దాన్ని తెరవొద్దు. ఇక్కడ చెప్పే పద్ధతులు దానికి వర్తించవు.

వాల్వు తీయడానికి అది అరగంట చల్లారాలి. ఎనిమిది పిన్నుల ఆక్టల్ వాల్వును, ఇఎల్ 34 లాంటిదాన్ని, గాజు దగ్గర కాదు, నల్లటి బేసు దగ్గర పట్టుకుని కొద్దికొద్దిగా కదుపుతూ పైకి తీయాలి. గాజు పట్టుకుని తిప్పితే బేసు జిగురు విడిపోతుంది, లోపలి తీగలు ఒకదానికొకటి తగులుతాయి. ఇఎల్ 84, ఇసిసి 83 వంటి తొమ్మిది పిన్నుల వాల్వులకు బేసు ఉండదు, పిన్నులు నేరుగా గాజులోంచే వస్తాయి. వాటిని నిటారుగా లాగాలి. పక్కకు ఒరిగిస్తే పిన్ను మొదట్లో గాజు చిట్లుతుంది, గాలి దూరుతుంది. గాలి దూరిన వాల్వును గుర్తుపట్టడం తేలిక: గాజు లోపల అద్దంలా మెరిసే బేరియం పూత పాలలా తెల్లబడుతుంది. అలాంటిది ఇక పనికిరాదు, సాకెట్టులో పెట్టనే వద్దు.

గాజును పొడిగుడ్డతో తుడిస్తే చాలు. స్పిరిటు తగిలితే మీది అచ్చు చెరిగిపోతుంది, తర్వాత అది ఏ వాల్వో తెలియదు. చేతివేళ్ళ జిడ్డు హ్యాలొజన్ బల్బుకు చేసే హాని దీనికి చేయదు, భయపడనక్కర్లేదు.

సాకెట్టు దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చోండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు, పళ్ళ సందుల్లో తోముకునే సన్నటి బ్రష్షు ఉంటే చాలు. ఒక్కో రంధ్రంలో బ్రష్షు నాలుగైదుసార్లు ఆడించి, పాత వాల్వునే రెండు మూడుసార్లు ఎక్కించి దించితే చిలుము రాలుతుంది. అరగంట ఆరనివ్వాలి. కిరసనాయిలు వద్దు, తుప్పు వదిలించే నూనె స్ప్రేలు వద్దు. అవి జిడ్డు మిగుల్చుతాయి, దుమ్ము అంటుకుంటుంది. గరుకు కాగితం పిన్నుల మీది పూతను గీకేస్తుంది, ఆ తర్వాత చిలుము ఇంకా తొందరగా పడుతుంది. పట్టీలు వదులైతే కెపాసిటర్లు ఖాళీగా ఉన్నాయని మీటరుతో చూసుకున్నాక, కుట్టుసూదితో పట్టీని లోపలికి కొద్దిగా వంచాలి. సాకెట్టు మీద పిన్నుల మధ్య నల్లటి గీత కనబడితే అది బొగ్గు దారి. ఆక్టల్ సాకెట్టులో ప్లేటుది 3వ పిన్ను, పక్కనే హీటరుది 2వ పిన్ను, కాబట్టి గీత ఎక్కువగా అక్కడే పడుతుంది. తోమి సరిపెట్టుకోలేరు, సాకెట్టే మార్చాలి, అదీ బేకలైటుది కాకుండా పింగాణీది.

ఆక్టల్ పిన్నులు లోపల బోలుగా ఉంటాయి. గాజులోంచి వచ్చే తీగను పిన్ను కొసన సోల్డరుతో అతికించి ఉంటారు. ఏళ్ళు గడిచాక ఆ అతుకు పొడిబారి వాల్వు వస్తూ పోతూ ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్‌తో కొసను మళ్ళీ కరిగిస్తే పారేయబోయిన వాల్వులు చాలానే బతుకుతాయి.

అన్నీ శుభ్రం చేశాక కూడా రొద ఉంటే, రెండు చానళ్ళలో ఒకే రకం వాల్వులను తారుమారు చేసి చూడండి. ప్రతిసారీ ఆపి, చల్లార్చి. రొద వాల్వుతోపాటు అవతలి స్పీకరుకు వెళితే తప్పు వాల్వుది. వెళ్ళకపోతే సర్క్యూటుది. గాజు లోపలి గోడ మీద నీలి కాంతి మినుకుమినుకుమంటే కంగారు పడొద్దు, ఎలక్ట్రాన్లు గాజుకు తగిలితే అలా వెలగడం మామూలే. ప్లేటు లోపల ఊదా, గులాబీ రంగు మంట కనిపిస్తే మాత్రం వాయువు చేరిందని అర్థం. ప్లేటు ఎర్రబడుతుంటే ఆలోచించకుండా స్విచ్ ఆపేయాలి.

కొత్త పవరు వాల్వు పెట్టేముందు ఒక పరీక్ష తప్పనిసరి. పవరు వాల్వులన్నీ తీసి, మీటరు క్లిప్పులు ముందే తగిలించి, యాంప్లిఫయర్ ఆన్ చేసి గ్రిడ్డు పిన్ను దగ్గర వోల్టేజీ చూడాలి. ఇఎల్ 84కు అది 2వ పిన్ను, ఇఎల్ 34కు 5వ పిన్ను. బయాస్ అంటే క్యాథోడుతో పోలిస్తే గ్రిడ్డుకు ఉండే ఋణ వోల్టేజీ. అది క్యాథోడు రెసిస్టరు వల్లే వచ్చే యాంప్లిఫయర్‌లో, అంటే క్యాథోడు బయాస్‌లో, అక్కడ సున్నా ఉండాలి. ఒక వోల్టు ప్లస్సు కనిపించినా ముందరి వాల్వు నుంచి పాటను దాటించే కప్లింగ్ కెపాసిటరు లీకవుతోందని లెక్క. ఎక్కువగా అది 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టులది ఉంటుంది, మార్చడానికి ఖర్చు కొద్దే. మైనస్ వోల్టేజీని విడిగా ఇచ్చే ఫిక్స్‌డ్ బయాస్ ఉంటే అది ప్రతి సాకెట్టుకూ చేరాలి. ఇఎల్ 34 అయితే సాధారణంగా మైనస్ 35, 45 మధ్య. వాల్వులు లేనప్పుడు హెచ్‌టీ మామూలు కంటే పెరుగుతుంది, కొలత అయిన వెంటనే ఆపేయండి.

క్యాథోడు బయాస్‌లో వాల్వు తన కరెంటును తానే సర్దుకుంటుంది, అయినా కొలిచి చూడాలి. ఇఎల్ 84 క్యాథోడు రెసిస్టరు 270 ఓములు, దాని మీద 10 వోల్టులు ఉన్నాయనుకుందాం. కరెంటు 37 మిల్లీయాంపులు. అందులో స్క్రీనుకు, అంటే ప్లేటుకు ముందుండే రెండో గ్రిడ్డుకు, పోయే నాలుగు తీసేస్తే ప్లేటుకు 33. ప్లేటుకూ క్యాథోడుకూ మధ్య 300 వోల్టులుంటే దాదాపు 10 వాట్లు. ఈ వాల్వు హద్దు 12 వాట్లు కాబట్టి సరిపోయింది.

ఫిక్స్‌డ్ బయాస్‌లో సర్దాల్సింది మనమే. కొత్త వాల్వులు పెట్టేముందే బయాస్ పాట్‌ను (సర్దడానికి తిప్పే రెసిస్టరును) ఎక్కువ మైనస్ వైపుకు తిప్పి ఉంచండి. ఇఎల్ 34 ప్లేటు హద్దు 25 వాట్లు. ప్లేటు మీద 430 వోల్టులు ఉంటే, హద్దులో 65 శాతానికి లెక్క కడితే 38 మిల్లీయాంపులు, స్క్రీనుకు ఒక ఐదు కలిపితే 43. క్యాథోడు దగ్గర 10 ఓముల రెసిస్టరు ఉంటే దాని మీద 0.43 వోల్టు చూపాలి. పాట్‌ను నెమ్మదిగా తిప్పుతూ అక్కడికి రండి. పావుగంట తర్వాత అంకె కదులుతుంది, మళ్ళీ సర్దాలి, ఇరవై గంటలు వాడాక ఇంకోసారి. జంట వాల్వుల మధ్య తేడా పదోవంతు మించితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు సగాల కరెంటు సమం కాక హమ్ము పెరుగుతుంది, బాస్ పల్చబడుతుంది.

ఇదంతా జరిగేటప్పుడు స్పీకరు గానీ 8 ఓముల పెద్ద వాట్ల రెసిస్టరు గానీ తగిలించే ఉండాలి. లోడు లేకుండా పాట పెడితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగదన్ని చుట్టల మధ్య ఇన్సులేషన్‌ను చీలుస్తుంది. వాల్వు దొరుకుతుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకదు.

ఎన్నాళ్ళుగానో వాడని మైకుసెట్టు యాంప్లిఫయర్‌ను ఒక్కసారిగా కరెంటులో పెట్టొద్దు. 60 వాట్ల పాత రకం బల్బు గుండానే కరెంటు వచ్చే సీరీస్ బోర్డులో పెట్టి చూడండి. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే ఫరవాలేదు, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది. ఫ్యూజు పోతే అదే రేటింగు ఫ్యూజే వేయాలి. రాగి తీగ చుట్టడమంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఫ్యూజుగా వాడటమే.

చివరగా హీటరు వోల్టేజీ. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ 220 వోల్టుల ట్యాపు మీద ఉన్న యాంప్లిఫయర్‌కు అర్ధరాత్రి లైనులో 250 వస్తే 6.3 ఉండాల్సిన హీటరు 7.1 దాటుతుంది, క్యాథోడు పూత వేగంగా ఆవిరవుతుంది. సాకెట్టు దగ్గర ఏసీలో కొలవండి. 6.0, 6.6 మధ్య ఉంటే చాలు. ఎక్కువైతే వెనక ఉన్న ట్యాపును 240కి మార్చాలి, లేదా స్టెబిలైజరు పెట్టాలి.

పాత బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వులు పాత సామాన్ల కొట్లలో ఇప్పటికీ దొరుకుతుంటాయి. కొనేముందు బేరియం పూత మెరుస్తోందో లేదో చూసి, హీటరు పిన్నుల మధ్య మీటరు పెట్టండి, ఇఎల్ 84కైతే 4, 5 పిన్నులు. చల్లగా ఉన్నప్పుడు రెండు ఓముల లోపు చూపాలి. మిగతా పిన్నుల మధ్య ఏమీ చూపకూడదు, గాజులోపలే కలిసి ఉన్నవి తప్ప. అచ్చు మాత్రం నమ్మకండి, అచ్చు ఎవరైనా వేస్తారు. తెచ్చిన వాటిని అట్టపెట్టెలో ఒక్కోటి విడిగా, సిలికా జెల్ పొట్లంతో ఉంచి, కొలిచిన బయాస్ అంకె, తేదీ రాసిన కాగితపు టేపు ఒకటి పెట్టె మీదా ఒకటి షాసీ లోపలా అంటించండి.