వేళ్ళకు టోపీలు పెట్టుకున్న గిటార్ తాత

చిన్నూ, చిట్టీ,

మీరు పంపిన వీడియో చూశాను. "ఆ గిటార్ తాత రెండు వేళ్ళకి టోపీలు పెట్టుకున్నాడేంటి?" అని చిట్టి అడిగింది కదా. ఆయన పేరు టోనీ అయోమి. అది 2025 జులై 5న ఇంగ్లండ్‌లో, వాళ్ళ సొంతూరు బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బాత్ బ్యాండు చేసిన ఆఖరి కచేరీ. కుర్చీలో కూర్చుని పాడిన ఆజీ ఆస్‌బోర్న్ ఆ తర్వాత పదిహేడు రోజులకే పోయాడు.

అయోమికి పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో పని. బ్యాండుతో జర్మనీ వెళ్ళాలని ఆ ఉద్యోగం మానేస్తున్నాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇక వెళ్ళనంటే, మొదలుపెట్టింది పూర్తిచేసి రమ్మని వాళ్ళమ్మ పంపింది. అలవాటు లేని మిషన్ మీద కూర్చోబెట్టారు, కుడిచేతి నడిమి వేలు, ఉంగరం వేలు చివర్లు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే!

మూలన కూర్చుని దిగులుపడుతుంటే ఫ్యాక్టరీ మేస్త్రీ ఒక రికార్డు తెచ్చి వినమన్నాడట. అది జాంగో రైన్‌హార్ట్ అనే జాజ్ సంగీతకారుడి గిటార్. 1928లో ఆయన కాపురముండే బండి తగలబడి ఎడమచేతి రెండు వేళ్ళు పనికిరాకుండా పోయినా వాయించినవాడు. అది విని అయోమి లేచి, గిన్నెలు తోమే లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, పాత జాకెట్ తోలు ముక్కలు పైన అంటించాడు. అవే టోపీలు.

కానీ టోపీకి స్పర్శ ఉండదు కదా. బిగుతు తీగ నొక్కితే నొప్పి. అందుకే మొదట సన్నటి బ్యాంజో తీగలు వేసుకున్నాడు, 1971 నాటి మూడో ఆల్బమ్‌కి కొన్ని పాటల్లో తీగలే వదులు చేసేశాడు. దీన్ని బట్టలారేసే దండెంతో చెబుతాను. దండెం బిగించి కట్టి మీటితే టింగ్ అంటుంది. వదులు చేస్తే బొంయ్ అంటుంది, పైగా వేలితో ఇట్టే వంగుతుంది. మా చిన్నప్పుడు పెరట్లో కొబ్బరిచెట్టుకీ బావి స్తంభానికీ మధ్య ఇనప తీగ ఉండేది, నేను స్తంభానికి చెవి ఆనించి మీటేవాణ్ణి. మా నాయనమ్మ మడిచీర దాని మీదే ఆరేది, ఇక చూసుకోండి, ఆవిడ అరుపు తీగకంటే పైస్థాయిలో ఉండేది. తడి దుప్పట్లు వేసిన రోజు తీగ కిందికి జారి, మోత ఇంకా మందంగా వచ్చేది... సరే, గిటార్‌కి దుప్పట్లుండవులే, అక్కడితో దండెం వదిలేద్దాం. మామూలుగా సెకనుకు 82 సార్లు ఊగే లావు తీగ ఆయన చేతిలో 69 సార్లే ఊగింది. ఆ బరువైన మోతనే తర్వాతి కుర్రాళ్ళంతా పట్టుకున్నారు, హెవీ మెటల్ అన్నారు.

దెబ్బ తగిలితేనే గొప్పవాళ్ళవుతారని మాత్రం అనుకోకండి. మిషన్ దగ్గర చెయ్యి పెట్టొద్దు, అంతే.

చిన్నూ, నువ్వు సంగీతం నేర్చుకుంటున్నావు కాబట్టి ఇంకో సంగతి. 1970లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట మూడే స్వరాల మీద నడుస్తుంది: సా, పై సా, ఆ తర్వాత ప్రతి మధ్యమం, అంటే రెండు 'మ'ల్లో పైది. సా నుంచి ఆ మధ్యమానికి ఉన్న దూరాన్ని యూరప్‌లో దెయ్యపు దూరం అనేవారు. మనం అదే మధ్యమంతో కల్యాణి రాగం పాడుకుని హాయిగా నిద్రపోతాం! అదెలాగో నేను చెప్పలేను, నాకూ ఆశ్చర్యమే.

రాత్రి లైటు ఆర్పేసి కీబోర్డు మీద ఆ మూడు స్వరాలూ మెల్లగా, ఆగి ఆగి వాయించు. వెంటనే కల్యాణి ఆరోహణ వాయించు. మీ అమ్మ వంటింట్లోంచి దేనికి బయటికొచ్చిందో చిట్టి చూసి నాకు రాయాలి.

ఆశీస్సులతో,
తాతయ్య