ఆటలో గొంతు వినిపించాలా?

చిరంజీవులకు ఆశీస్సులు.

అన్నయ్య ఆడే ఆటలో మైక్ ఉంది, చెల్లి ఆడే ఆటలో లేదు, ఏ ఆట సరైనదని అడిగారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. మాట్లాడుకునే వీలు ఆటలో ఉండాలి. కానీ ఆట మొదలయ్యేసరికి అది మూసి ఉండాలి, తెరవాలో వద్దో మీ ఇష్టం కావాలి. ఇంటికి కిటికీ ఉన్నట్టన్నమాట. కిటికీ లేని గదిలో ఉక్కపోస్తుంది. గడియ లేని కిటికీ పక్కన నిద్ర పట్టదు.

ముందు గాలి సంగతి. నలుగురు జట్టుగా ఆడుతున్నారు, మీ రెండు బొటనవేళ్లూ తెర మీద పనిలో ఉన్నాయి. "ఎడమవైపు మెట్ల కింద ఇద్దరున్నారు" అని టైప్ చేసేలోపు ఆ ఇద్దరూ పైకి వచ్చేస్తారు. నోరు మాత్రం ఖాళీగానే ఉంది కదా! అందుకే 2002లో ఎక్స్‌బాక్స్ ఆటల్ని ఇంటర్నెట్‌లో నలుగురితో కలిసి ఆడుకునే ఎక్స్‌బాక్స్ లైవ్ సేవ మొదలైనప్పుడు దాని స్టార్టర్ కిట్‌లోనే హెడ్‌సెట్ పెట్టి ఇచ్చారు. అక్షరాలు చదవడం కష్టమైన వాళ్లకీ, వేళ్లు త్వరగా కదలని వాళ్లకీ ఈ కిటికీ ఇంకా అవసరం.

ఇక మీ గొంతు కిటికీ దాటే తీరు చూడండి. మైక్ పట్టిన శబ్దాన్ని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తారు. అంటే సెకనుకు 50 ముక్కలు. ఒక్కో ముక్కనూ కుదించి పంపుతారు. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ అనే కోడెక్, అంటే శబ్దాన్ని కుదించి మళ్లీ విప్పే పద్ధతి, ఈ పని చక్కగా చేస్తుంది. సెకనుకు 32 కిలోబిట్ల చొప్పున లెక్కేస్తే, ఆపకుండా గంట మాట్లాడినా 14 ఎంబీ పైచిలుకే. ముక్కలకు అంటించే చిరునామాలు కలిపితే 20 దాటుతుంది. కాబట్టి డేటా గురించి బెంగ లేదు. చిక్కంతా ఆలస్యంతోనే. నోటి నుంచి చెవికి 150 మిల్లీసెకన్లలోపు చేరితే పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది. 400 దాటితే ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతూ ఉంటుంది.

పైగా ముక్కలన్నీ వరసగా రావు. అవతలి ఫోన్ కొన్నింటిని కాసేపు ఆపి, వరస సర్ది వినిపిస్తుంది. ఎక్కువసేపు ఆపితే ఆలస్యం, తక్కువసేపు ఆపితే మాట తెగుతుంది. ఒక ముక్క దారిలో పోతే దానికోసం ఎదురుచూడదు. అంతకుముందు వచ్చిన శబ్దాన్ని బట్టి ఊహించి ఆ ఖాళీ నింపేస్తుంది. అడపాదడపా ఒక ముక్క పోయినా మన చెవికి తెలియనే తెలియదు! ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

మైక్ ఆన్ చేయగానే ఆట శబ్దం డొల్లగా మారిందంటారా, అది బ్లూటూత్ వల్ల. చాలా హెడ్‌సెట్లు మైక్ వాడగానే పాటలు వినే పద్ధతి వదిలేసి ఫోన్ కాల్ పద్ధతికి మారతాయి. అప్పుడు అడుగుల చప్పుడు ఏవైపు నుంచి వస్తోందో తేలదు. వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే సరి. మీ మాట మీకే తిరిగి వినిపిస్తుంటే లోపం చాలావరకు మీ దగ్గర కాదు, స్పీకర్ పెట్టుకున్న మరొకరి దగ్గర. ఒక్కొక్కరినీ మ్యూట్ చేసుకోమనండి. ఎవరు చేసుకోగానే ప్రతిధ్వని ఆగిందో వాళ్లనే ఇయర్‌ఫోన్ పెట్టుకోమనండి.

ఇప్పుడు గడియ సంగతి. కిటికీ తెరిస్తే మాట ఒక్కటే బయటికి పోదు. మీరు చిన్నపిల్లలని గొంతే చెప్పేస్తుంది. ఇంట్లో ఎవరో మీ పేరు పెట్టి పిలుస్తారు, బడి పేరు చెప్పి అడుగుతారు. శబ్దాన్ని వడగట్టే సెట్టింగ్ దోమతెర లాంటిది. ఫ్యాన్ హోరును ఆపుతుంది కానీ, వెనక మాట్లాడే మనిషి గొంతు చాలాసార్లు దాన్ని దాటిపోతుంది. లోపలికి వచ్చేదీ అంతే. టైప్ చేసిన తిట్టును మీరు చూడకముందే కంప్యూటర్ చెరిపేయగలదు. నోటితో అన్న తిట్టు చెవిన పడ్డాకే తెలుస్తుంది. అందుకే 2023లో ఫోర్ట్‌నైట్ అనే ఆట ఒక ఏర్పాటు తెచ్చింది: చివరి ఐదు నిమిషాల మాటలు మీ పరికరంలోనే ఉంటాయి, ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే కంపెనీకి వెళ్తాయి.

అంతకుముందు, 2022 డిసెంబర్‌లో, అదే ఆట తీసిన ఎపిక్ కంపెనీ పిల్లల గోప్యతా చట్టం కేసులో అమెరికా ప్రభుత్వానికి 27.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. పిల్లలకి అపరిచితులతో మాటలు మొదటినుంచే తెరిచి ఉంచడం ఆ కేసులో ఒక ఆరోపణ. పిల్లలకూ టీనేజర్లకూ అవి ముందుగా మూసి ఉంచాలన్నది షరతు. నాకు ఇదే న్యాయంగా తోస్తుంది.

మైక్ మూసుకున్న పిల్ల ఓడిపోకూడదు. చెవులు వినిపించని పిల్లాడూ ఓడిపోకూడదు. 2019లో వచ్చిన ఎపెక్స్ లెజెండ్స్ అనే ఆటలో ఒక్క బటన్ నొక్కితే శత్రువు ఎక్కడున్నాడో, మందుగుండు ఎక్కడుందో జట్టంతటికీ గుర్తు కనిపిస్తుంది. మైక్ పెట్టే ప్రతి ఆటలోనూ ఇలాంటి గుర్తులు తప్పక ఉండాలి. చెల్లి ఆటలో మైక్ లేకపోయినా గుర్తులు బాగుంటే, అది ఏమాత్రం తక్కువ ఆట కాదు.

మీరు చేయాల్సింది ఇదీ. మైక్ అనుమతి "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని ఇవ్వండి. వాయిస్ సెట్టింగ్‌లో అందరూ, జట్టు, స్నేహితులు అని ఉంటే స్నేహితులు ఎంచుకోండి. నొక్కి పట్టుకుంటేనే మైక్ పనిచేసే పుష్ టు టాక్ ఉంటే అదే పెట్టుకోండి. ఒక మనిషిని మ్యూట్ చేసే బటన్ ఎక్కడుందో ఆట మొదలవకముందే వెతికి పెట్టుకోండి, తిట్లు పడుతున్నప్పుడు వెతకలేరు. ఎవరైనా చెడ్డగా మాట్లాడితే బదులివ్వకండి. ముందు మ్యూట్, తర్వాత రిపోర్ట్, ఆ వెంటనే ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పడం. "వేరే యాప్‌లోకి రా, అక్కడ మాట్లాడుకుందాం" అని కొత్తవాళ్లు పిలిస్తే అసలు వెళ్లకండి. ఆటవాళ్ల కాపలా అక్కడికి రాదు. ఆండ్రాయిడ్ 12 నుంచి తెర పైమూల పచ్చ గుర్తు, ఐఫోన్‌లో నారింజ చుక్క కనిపిస్తే ఏదో యాప్ మైక్ వాడుతోందని అర్థం (పచ్చ గుర్తయితే కెమెరా కూడా కావచ్చు).

ఈ ఆదివారం ఒక పని చేయండి. పక్కన మరో ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ఎప్పటిలాగే ఐదు నిమిషాలు ఆడండి. తర్వాత ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. మీరెవరో తెలియని మనిషికి మీ గురించీ ఇంటి గురించీ ఏమేం తెలిసిపోతాయో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం నాకు పంపండి.

మీ తాతయ్య