నౌపడ లైను బల్ల మీదికి వస్తే

శ్రీకాకుళం జిల్లా నౌపడ జంక్షన్ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్లే రైలు ఒకప్పుడు నేరోగేజ్ మీద నడిచేది. రెండు పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లే. పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో మొదలైన ఆ లైను 1931 నాటికి గుణుపూర్ చేరింది. 2004లో దాన్ని ఆపి బ్రాడ్‌గేజ్‌గా మార్చారు. ఆ చిన్న రైలెక్కి చుట్టాలిళ్లకు వెళ్లొచ్చిన పెద్దవాళ్లు టెక్కలి వైపు ఇప్పటికీ ఉన్నారు. ఇంట్లో బల్ల మీద మోడల్ రైలు వేసుకోవాలని సరదాపడే మన జిల్లాల కుర్రాళ్లకు నేను చెప్పేది ఒకటే: విజయనగరం జంక్షన్‌లో చూసే పెద్ద ఎలక్ట్రిక్ ఇంజను కన్నా ముందు ఆ నేరోగేజ్ రైలును ఎంచుకోండి. ఇది ఊరి మీద మమకారంతో చెబుతున్న మాటే, కానీ లెక్కలు కూడా దానివైపే ఉన్నాయి.

మోడల్ రైళ్లలో ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ స్కేలు. అంటే అసలు దానిలో 87వ వంతు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ అలా తగ్గితే బరువు దాదాపు 6 లక్షల 58 వేల రెట్లు తగ్గుతుంది. 123 టన్నుల డబ్ల్యూఏపీ-7 అనే పెద్ద ఎలక్ట్రిక్ ఇంజను ఈ లెక్కన 187 గ్రాములకు వస్తుంది. కానీ దుమ్ము రేణువు తగ్గదు. గాలిలో తేమ తగ్గదు. చక్రానికీ పట్టాకూ మధ్య రాపిడి గుణకం కూడా తగ్గదు. పట్టా మీద పడ్డ పావు మిల్లీమీటరు ఇసుక రేణువు ఆ మోడల్ ఇంజనుకు రెండు సెంటీమీటర్ల గులకరాయితో సమానం. పట్టా తప్పడం, ఆగి ఆగి నడవడం అనే రెండు జబ్బులూ చాలావరకు ఇక్కడి నుంచే వస్తాయి.

ముందు వంపు సంగతి చూద్దాం. మన బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అతి ఇరుకైన వంపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం. 87తో భాగిస్తే 2 మీటర్లు. రైలు గుండ్రంగా తిరిగి రావాలంటే 4 మీటర్ల వెడల్పు కావాలి. మామూలు ఇళ్లలో అంత గది దీనికోసం ఎవరు వదులుతారు? అందుకే 18 అంగుళాల వ్యాసార్ధం ఉన్న వంపులు ఎక్కువగా వాడతారు. అసలు రైలుకు అది 40 మీటర్ల వంపు. ఆరు ఇరుసుల పెద్ద ఇంజను అక్కడ తిరగనే తిరగదు. మోడల్‌ను మాత్రం బలవంతంగా తిప్పుతున్నాం. 762 మిల్లీమీటర్ల నేరోగేజ్‌కు మన రైల్వే నిబంధనలు 40 డిగ్రీల దాకా, అంటే 44 మీటర్ల వ్యాసార్ధం దాకా ఒప్పుకుంటాయి. 87తో భాగిస్తే అర మీటరు! అది బల్ల మీద హాయిగా పడుతుంది. పైగా 762ను 87తో భాగిస్తే 8.8 వస్తుంది. హెచ్‌ఓ కన్నా చిన్నదైన ఎన్ స్కేలు కోసం తయారయ్యే 9 మిల్లీమీటర్ల పట్టాలు దానికి చక్కగా సరిపోతాయి. స్లీపర్లు చిన్నగా, దగ్గరదగ్గరగా కనిపిస్తాయి, అంతే.

వంపు ఇరుకైతే నష్టం ఏమిటంటే, ఒకే ఇరుసుకు బిగించిన రెండు చక్రాలు విడివిడిగా తిరగలేవు. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. పావు చుట్టు తిరిగేసరికి బయటి చక్రం లోపలి చక్రం కన్నా 26 మిల్లీమీటర్లు ఎక్కువ నడవాలి. వంపు ఎంత పెద్దదైనా ఈ తేడా మారదు. ఇరుకు వంపులో మాత్రం అదంతా కొద్ది దూరంలోనే సర్దుకోవాలి. చక్రం పట్టా మీద ఆనే భాగాన్ని కొంచెం ఏటవాలుగా చేసేది ఇందుకే. వంపులో ఇరుసు బయటికి జరిగితే బయటి చక్రం పెద్ద చుట్టుకొలత మీద, లోపలిది చిన్న చుట్టుకొలత మీద నడుస్తాయి. అయితే 18 అంగుళాల వంపుకు ఈ ఏటవాలు ఏ మూలకూ చాలదు. మిగతా తేడా అంతా చక్రం జారడంతోనే సర్దుకోవాలి. ఆ సమయంలో ఇంజనును వంపులో తిప్పే భారమంతా ఫ్లాంజ్ మీద, అంటే చక్రం లోపలివైపు ఉండే గట్టు అంచు మీద పడుతుంది. 9 మిల్లీమీటర్ల లైనులో అదే పావు చుట్టుకు తేడా 14 మిల్లీమీటర్లే.

ఫ్లాంజ్ పట్టాను పక్కకు నెడుతుంటే బరువు దాన్ని కిందికి అదిమి ఉంచుతుంది. ఈ రెండు బలాల నిష్పత్తి ఎంత దాటితే చక్రం పట్టా ఎక్కుతుందో ఫ్రెంచ్ ఇంజనీరు నాదాల్ ఒక సూత్రం ఇచ్చాడు. అసలు రైళ్లకు ఇప్పటికీ అదే వాడతారు. ఫ్లాంజ్ వాలు 60 డిగ్రీలు, రాపిడి గుణకం 0.3 అనుకుంటే, పక్క తోపుడు బరువులో 94 శాతం అయ్యేదాకా ఫరవాలేదు. రాపిడి 0.5కు పెరిగితే 66 శాతానికే చక్రం ఎక్కేస్తుంది. ఇరుకు వంపుల్లో బయటి పట్టా లోపలి ముఖానికి రైల్వేవాళ్లు గ్రీజు రాసేది ఇందుకే. మోడల్‌కూ ఇదే సూత్రం. గరుకుగా ఉన్న ఫ్లాంజ్, తేలికైన పెట్టె, ఇరుకు వంపు మూడూ కలిస్తే పట్టా తప్పక మానదు.

పట్టా తప్పగానే స్క్రూడ్రైవర్ తీసి ఇంజను విప్పకండి. ఎక్కడ తప్పుతోంది, ఏది తప్పుతోంది అన్నది ముందు చూడండి. అన్ని బళ్లూ ఒకే చోట తప్పితే లోపం పట్టాలది. ఒకే బండి అన్ని చోట్లా తప్పితే ఆ బండిదే. ఒకే బండి, ఒకే చోట అయితే రెండింటిలోనూ కాస్త కాస్త ఉందన్నమాట. తర్వాత మొబైల్‌ను పట్టాల ఎత్తులో పక్కన పెట్టి స్లో మోషన్‌లో వీడియో తీయండి. మామూలుగా చూస్తే ఇంజను ఉన్నట్టుండి పక్కకు ఒరిగినట్టుంటుంది. వీడియోలో కథ వేరు. ముందు చక్రం ఫ్లాంజ్ పట్టా పక్కను రాసుకుంటూ పైకి పాకుతుంది. కాసేపు అంచు మీదే పట్టా తల మీద నడుస్తుంది. ఆ తర్వాతే అవతలికి దిగుతుంది. మన కంటికి పడింది ఆ దిగడం ఒక్కటే. లోపం ఉండేది ఎక్కిన చోట, చాలాసార్లు వెనకున్న ఫిష్‌ప్లేట్ దగ్గర, అంటే రెండు పట్టా ముక్కలను కలిపే రేకు దగ్గర. అసలు రైలు పట్టా తప్పినప్పుడు కూడా ఇంజనీర్లు చక్రం ఎక్కిన గీత కోసమే ముందు పట్టా తలను వెతుకుతారు. అలాంటి చోట వేలిగోరు పట్టా లోపలి అంచు వెంట జరిపితే అతుకు దగ్గర తట్టుకుంటుంది. సన్నని ఆకురాయితో ఆ మొనను కాస్త వాలుగా అరగదీస్తే చాలు.

పాయింట్ల దగ్గర, అంటే ఒక లైను రెండుగా చీలే చోట తప్పే బళ్లకు వెర్నియర్ కాలిపర్ కావాలి. ఇంటర్ ల్యాబ్‌లో అందరూ పట్టుకున్నదే. ఇరుసుకున్న రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలవండి. హెచ్‌ఓలో అది సుమారు 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువైతే ఫ్లాంజ్ వెళ్లి క్రాసింగ్ ముక్కుకు, అంటే రెండు దారుల పట్టాలు కలిసే మొనకు కొట్టుకుంటుంది, లేదా తప్పు దారి పడుతుంది. తక్కువైతే చక్రాలు చెక్ రైల్‌ను, అంటే చక్రం దారి తప్పకుండా పట్టా పక్కనే వేసే అదనపు పట్టాను, ఇరుకుగా పట్టుకుని పైకి లేస్తాయి. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఇరుసు మీద జరపడమే మరమ్మతు. కొత్తగా కొన్నవాటినీ కొలవాలి. పెట్టెలో వచ్చింది కాబట్టి సరిగ్గానే ఉంటుందనుకోవడం పొరపాటు.

ముక్కాలి పీట ఎక్కడ వేసినా కదలదు, నాలుగు కాళ్ల బల్ల మాత్రం నేల ఎగుడుదిగుడైతే ఊగుతుంది. స్ప్రింగులు లేని బిగుసు ఫ్రేముకు నాలుగు చక్రాలు తగిలిస్తే జరిగేదీ ఇదే. ఒక చక్రం గాలిలో ఉంటుంది. గాలిలో ఉన్న చక్రం దారి తప్పుతుంది, పట్టాల నుంచి కరెంటూ తీసుకోదు. అందుకే బండికి రెండు చివర్లా ఉండే చక్రాల ఫ్రేముల్లో ఒకదాన్ని పక్కలకు ఊగేలా వదులుగా, రెండోదాన్ని పక్కలకు ఊగకుండా ముందువెనకలకు మాత్రమే ఊగేలా బిగిస్తారు. స్క్రూ పావు చుట్టు వదులు చేస్తే తీరిపోయే జబ్బులు బోలెడు.

ఇక బరువు. చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) పెట్టె సుమారు 40 టన్నులు. స్కేలు ప్రకారం 60 గ్రాములే రావాలి. కానీ అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ హెచ్‌ఓ పెట్టెలకు చేసే సిఫారసు వేరు: 28 గ్రాములు, దాని మీద పొడవులో ప్రతి అంగుళానికీ 14 గ్రాములు. 10 అంగుళాల మన పెట్టెకు అది దాదాపు 170 గ్రాములు. స్కేలు చెప్పిన బరువుకు మూడింతలన్నమాట. ఆ బరువు నేలకు దగ్గరగా అతికించాలి, తేలిక పెట్టెలను రైలు వెనక్కి మార్చాలి. ముందున్న తేలిక పెట్టెను వెనక బరువు వంపు లోపలికి లాగి పడేస్తుంది.

ఆగి ఆగి నడిచే జబ్బుకు మన సముద్రతీరం కూడా కారణమే. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి ఇనుప పట్టాలు త్వరగా తుప్పు పడతాయి. ఇత్తడివి నల్లబడతాయి. నికెల్ సిల్వర్ పట్టాలు కొనండి. పేరులో వెండి ఉన్నా అది రాగి, నికెల్, జింకు మిశ్రమమే. వర్షాకాలంలో ఇంకో తంటా: చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, అతుకులు కదులుతాయి. ప్లైవుడ్ అంతగా కదలదు. అంచులకు కూడా పెయింటు వేస్తే ఇంకా మేలు.

చక్రాల మీద పేరుకునే నల్ల జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. ఇసుక కాగితం వద్దే వద్దు. అది వదిలిన గీతల్లో మురికి మళ్లీ చేరుతుంది. రైలు ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా వెళ్లినకొద్దీ నెమ్మదిస్తే ఫిష్‌ప్లేట్‌లను అనుమానించాలి. వాటి అతుకులన్నీ కలిసి 4 ఓమ్‌ల అడ్డు పెడితే, 0.4 ఆంపియర్ తీసుకునే ఇంజనుకు 12 వోల్టుల్లో 1.6 వోల్టులు దారిలోనే పోతాయి. అక్కడక్కడ పట్టాలకు నేరుగా తీగలు టంకం పెట్టండి. చక్రం తిరిగిన ప్రతిసారీ టక్‌మని శబ్దం వస్తే ఇరుసు మీది ప్లాస్టిక్ పళ్లచక్రం చిట్లిందేమో చూడండి. నూనె ఒక చుక్క చాలు, అదీ ప్లాస్టిక్‌కు పడేదై ఉండాలి. కొబ్బరినూనె జోలికి పోవద్దు.

నేరోగేజ్ ఇంజనుకు ఒక ఇబ్బంది ఉందని దాచను. 30 టన్నుల ఇంజను ఈ స్కేలులో 46 గ్రాములే తూగుతుంది. అంత తేలిక చక్రం పట్టాను గట్టిగా అదమదు, కరెంటు తెగుతూ ఉంటుంది. బాయిలర్‌లో పట్టినంత సీసం నింపండి, తోలే చక్రాల సరిగ్గా మధ్యకు భారం పడేలా. వెనక వచ్చే మొదటి పెట్టె చక్రాలకు కూడా సన్నని ఇత్తడి రేకులు తగిలించి, వెంట్రుకంత సన్నని రెండు తీగలతో ఇంజనుకు కలపండి. కరెంటు అందించే చక్రాలు అలా పెరిగితే పాయింటు మీద కూడా ఆగకుండా నడుస్తుంది.