చెస్ 960లో క్యాజ్లింగ్: అపోహలు - వాస్తవాలు

చెస్ 960 అంటే వెనక వరస పావుల చోట్లు మార్చి మొదలుపెట్టే చెస్. ఆ టోర్నమెంట్‌లో ఆర్బిటర్‌ని, అంటే రిఫరీనైన నన్ను, పిలవడానికి చెయ్యి లేచిందంటే, విషయం దాదాపు ఎప్పుడూ క్యాజ్లింగే: కింగ్, రూక్ (ఏనుగు) రెండింటినీ ఒకే ఎత్తులో కదపడం.

అపోహ: కింగ్ రెండు గళ్లు జరగాలి.

వాస్తవం: కింగ్ ఎన్ని గళ్లు కదిలిందో ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు, చివరికి ఎక్కడ నిలబడిందన్నదే ముఖ్యం. తెల్లవాళ్లకి జీ వైపు అయితే కింగ్ జీ1, రూక్ ఎఫ్1 (అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస). సీ వైపు అయితే కింగ్ సీ1, రూక్ డీ1. అంటే మామూలు చెస్‌లో చేరే గళ్లే. నల్లవాళ్లకి ఎనిమిదో వరసలో అవే.

ఓ పిల్లవాడి కింగ్ డీ1లో, రూక్ హెచ్1లో ఉన్నాయి, మధ్య అంతా ఖాళీ. అలవాటుగా కింగ్‌ని ఎఫ్1కి, రూక్‌ని ఈ1కి వేసి క్లాక్ నొక్కేశాడు. ఇల్లీగల్ మూవ్. ఎదుటివాడికి టైమ్ కలిపాను. వీడికి కళ్లలో నీళ్లు: "సార్, ఇక క్యాజ్లింగ్ పోయినట్టేనా?" పోలేదు నాన్నా. కింగ్‌నీ రూక్‌నీ ముట్టుకున్నావు, రూల్ ప్రకారం కుదురుతోంది, కాబట్టి అటే క్యాజ్లింగ్ చేసి తీరాలి.

కింగ్ ఎఫ్1లో, రూక్ జీ1లో మొదలైతే మొదటి ఎత్తులోనే రెండూ చోట్లు మార్చుకోవచ్చు! ఇది మోసమని గొడవపడ్డవాళ్లు ఉన్నారు. కాదండీ. రెండూ దాటే, చేరే గళ్లలో వేరే పావు ఉండకూడదు, అంతే. కింగ్ చెక్‌లో ఉండకూడదు, దాడి ఉన్న గడి దాటకూడదు, అక్కడ ఆగకూడదు; ఇవి పాతవే.

పిల్లలకి నేర్పాల్సింది చేతి వరస. ముందు కింగ్‌ని ఎత్తి బోర్డు బయట, చేరాల్సిన గడి పక్కన పెట్టాలి. తర్వాత రూక్, ఆ తర్వాత కింగ్. ముందు రూక్‌ని ముట్టుకుంటే టచ్ మూవ్, దాన్నే ఆడాలి.

"పావులు ఎలా పడితే అలా పెట్టేస్తారట" అన్నది ఉత్త పుకారు. బిషప్‌లు వేర్వేరు రంగు గళ్లలో, కింగ్ రెండు రూక్‌ల మధ్య ఉండి తీరాలి. అందుకే సరిగ్గా 960 పొజిషన్లు. ఇద్దరికీ ఒకటే పొజిషన్. 1996లో మాజీ ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ ప్రకటించినప్పటి నుంచీ ఇంతే.

"ఇన్నేళ్లు నేర్పించిన ఓపెనింగ్స్ (ఆట మొదట్లో ఆడే ఎత్తులు) వేస్టేనా?" అని టెన్షన్ పడే తల్లిదండ్రులకి ఒక్క మాట. మన వరంగల్ గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఇరిగేసి మామూలు చెస్ ఆడుతూనే 2025లో లాస్ వెగాస్ ఫ్రీస్టైల్ (చెస్ 960కే ఇంకో పేరు) టోర్నీలో సెమీస్ దాకా వెళ్లాడు. పైగా ఆ 960లో మామూలు చెస్ పొజిషన్ కూడా ఒకటుంది, నంబర్ 518.